మొహమాటం లేని తాళం

"మాయా బే, క్లోజ్" అంది కౌంటర్లో అమ్మాయి. అంటూనే రెండు చేతులూ జోడించి, తల కాస్త వంచి, ఆ బీచిని తనే మూసేసినంతగా నొచ్చుకుంటూ నవ్వింది.

ఆగస్టు 15 సెలవులు కలిసొస్తే అక్కావాళ్ళూ మేమూ కలిసి థాయ్‌లాండ్ వెళ్ళాం. వీసా గొడవ లేకుండా పోయాక అది మనకి అరకు కన్నా దగ్గరైపోయింది కదా. మాకు టూరు కట్టినాయన (పేరెందుకులెండి) పంపిన పీడీఎఫ్‌లో మొదటి బొమ్మే మాయా బే. మూడు పక్కలా నిటారుగా సున్నపురాతి కొండలు, మధ్యలో గాజులాంటి నీళ్ళు. మా చిన్నది ఆ బొమ్మని చూసి చూసి ట్యాబు మీద వాల్‌పేపరుగా కూడా పెట్టుకుంది. తీరా అక్కడికి పడవలెక్కే క్రాబీ దాకా వెళ్తే, ఏటా ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ ఆ బీచికి సెలవట. ఆ సంగతి ఆయనకి తెలీదో, తెలిసీ చెప్పలేదో.

మా బావగారు ఊరికే ఊరుకునే రకం కాదు. "డబ్బు ఎంతైనా పర్లేదు, ప్రత్యేకంగా ఓ బోటు మాట్లాడమను" అన్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే అడిగాను కూడా. అమ్మాయి మళ్ళీ నవ్వింది. "నో, నో. రేంజర్" అంటూ రెండు మణికట్లూ ఒకచోట చేర్చి చూపించింది, బేడీలన్నట్టు. మళ్ళీ చేతులు జోడించింది.

ఆ దణ్ణం, ఆ బేడీలు ఒకే మనిషి చేతుల్లో ఎలా ఇమిడాయా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను.

మొహమాటస్తుల దేశం

థాయ్ భాషలో 'క్రెంగ్ చాయ్' అని ఒక మాట ఉంది. టూరిస్టు పుస్తకాలు దాన్ని విప్పి చెప్పడానికి తంటాలు పడతాయి గానీ మనకి ఒక్క మాట చాలు: మొహమాటం. ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టకూడదు, వచ్చినవాణ్ణి నొప్పించకూడదు, మొహం మీద కాదనకూడదు. దానికి తోడు 'మై పెన్ రై'. అది అచ్చంగా మన 'పర్లేదులే'. హోటల్లో మా చిన్నది గ్లాసు పగలగొడితే పర్లేదులే. మేం వ్యాను దగ్గరికి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్తే పర్లేదులే. అక్కడున్న పది రోజుల్లో గొంతు పెంచి మాట్లాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అది మేమే.

అలాంటి మనుషులు తమ దేశంలో అంత పేరున్న బీచికి తాళం వేశారు. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా పుణ్యమా అని మాయా బే లోకానికంతా తెలిసింది. చూడబోతే పిడికెడంత బీచి. అందులోకి రోజుకి ఐదారు వేల మంది దిగడం మొదలుపెట్టారు. బోట్ల లంగర్లు పడి పగడపు దిబ్బలు చితికిపోయాయి. 2018 జూన్‌లో నాలుగు నెలలకని మూశారు. నాలుగు నెలలు చాలవని తేలాక గడువు లేకుండా పొడిగించారు. మళ్ళీ తెరిచింది 2022 జనవరి 1న. తెరిచాక కూడా బోట్లని ముందువైపు నుంచి రానివ్వడం లేదు. దీవి వెనక లో సమా అనే చోట దిగి, చెక్క బాట మీద నడిచి రావాలి. ఈత లేదు, కాళ్ళు తడుపుకోనిస్తే అదే గొప్ప. టూరిస్టు అడుగు పడని ఆ మూడేళ్ళ పైచిలుకు కాలంలో పగడాలు నాటారు. రెక్క కొసల నల్ల మచ్చ ఉండే సొరచేపల్ని మాత్రం ఎవరూ తేలేదు, అవే ఒడ్డు దాకా తిరిగొచ్చాయి.

మాయా బే ఒక్కటే కాదు. సిమిలన్ దీవుల్ని ఏటా మే నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మూస్తారు. తాచాయ్ దీవిని 2016లో అసలు గడువే చెప్పకుండా మూసేశారు.

గుడ్డ చుట్టిన దుంగ

నిజానికి నేను రాద్దామనుకున్న వ్యాసం వేరు. క్రాబీకి ముందు బ్యాంకాక్‌లో మూడు రోజులున్నాం. రంగురాళ్ళ వ్యాపారంలో అక్కడే పదేళ్ళుగా స్థిరపడ్డ మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో. ఆ మూడు రోజుల్లోనే నా మనసులో వ్యాసం తయారైపోయింది: 'ప్రకృతిని పూజించే సంస్కృతి, అందుకే ప్రకృతి బతికి ఉన్న దేశం'. రాయడం ఎంత సులువో! మాటలే సాయపడతాయి. నదిని వాళ్ళు 'మే నామ్' అంటారు. మే అంటే అమ్మ, నామ్ అంటే నీళ్ళు. ఆ నీళ్ళ దేవత పేరు 'ఫ్రా మే ఖోంగ్‌ఖా', అంటే మన గంగమ్మ తల్లే. మనం కార్తీక పున్నానికి నీళ్ళలో దీపాలు వదిలే రోజుల్లోనే వాళ్ళూ అరటిబోదె బిళ్ళ మీద పువ్వులూ కొవ్వొత్తీ పెట్టి, ఏడాదంతా నిన్ను మైలపరిచాం క్షమించమ్మా అని నదిలో వదులుతారు. దాన్ని లోయ్ క్రతోంగ్ అంటారు.

అన్నయ్య దీనికి కాస్త ఉప్పు తగిలించాడు. "తెల్లారి కార్పొరేషన్ వాళ్ళు పడవలేసుకుని వచ్చి ఆ క్షమాపణలన్నీ ఏరుకుపోతారురా. లక్షల్లో ఉంటాయి" అన్నాడు.

సరే, చెట్ల సంగతి చూద్దాం. 1980ల చివర్లో ఉత్తర థాయ్‌లాండ్‌లో కొందరు భిక్షువులు చెట్లకి దీక్ష ఇవ్వడం మొదలుపెట్టారు. మంత్రాలు చదివి మానుకి కాషాయ వస్త్రం చుడతారు. ఇక ఆ చెట్టు మీద గొడ్డలి వేయడమంటే సన్యాసి మీద వేసినట్టే. దీక్ష మనుషులకే గానీ మానులకి ఏమిటని సంప్రదాయవాదులు గొణిగారు గానీ, ఎంత చక్కటి ఉపాయం! రావిచెట్టుకి పసుపుదారం చుట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, మనకి వేరే చెప్పాలా? బ్యాంకాక్ వీధుల్లో రంగు గుడ్డలు చుట్టిన చెట్టు కనబడ్డప్పుడల్లా ఫొటో తీస్తూ పోయాను.

మూడో రోజు ఒక గుడి వెనక రేకుల షెడ్డులో ఇంకో గుడ్డ చూశాను. ఎరుపూ పసుపూ పచ్చా పట్టు గుడ్డలు, పూలదండలు, పక్కన ఆడవాళ్ళ పట్టు దుస్తులు హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. లోపల ఉన్నది చెట్టు కాదు, పడగొట్టిన దుంగ. తకియెన్ చెట్టులో ఒక ఆడదేవత ఉంటుందని నమ్మకం, దుంగయ్యాక కూడా ఆవిడ అందులోనే ఉంటుందట. ఇద్దరు ఆడవాళ్ళు దుంగ మీద తెల్ల పొడి చల్లి, అరచేత్తో మెల్లగా రుద్ది, ఫోను టార్చి వేసి వెతుకుతున్నారు. దేనికని అన్నయ్యని అడిగాను. "నెంబర్లు. పదహారో తారీకు లాటరీ ఉంది" అన్నాడు.

అదే గుడి గేటు బయట ఒక ముసలామె అరచేతంత వెదురు పంజరాల్లో పిట్టల్ని పెట్టుకుని కూర్చుంది. ఒక్కో దాంట్లో రెండేసి. డబ్బిచ్చి పంజరం కొని, తలుపు తీసి వదిలేస్తే పుణ్యం. మా చిన్నది పట్టుబట్టి కొనిపించింది. ఒక పిట్ట రివ్వున ఎగిరిపోయింది. రెండోది పంజరం అంచు మీదికొచ్చి, రెక్కలు విదిల్చి, నేల మీదే గెంతుతూ గోడ వారకి పోయింది. ముసలామె లేచి వెళ్ళి దాన్ని పట్టుకుని మళ్ళీ బుట్టలో వేసుకుంది. "నాన్నా, మనం వదిలిందేగా అది?" అంది చిన్నది. మన పుణ్యం కోసమే ఎవరో పొలాల్లో వల వేసి వాటిని పట్టారని ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పను? ఇంకో పంజరం కొనమంది. కొనలేదు. ఏడ్చింది.

అక్కడ నా మొదటి వ్యాసానికి నీళ్ళొదిలేశాను.

అభయదానం

నీళ్ళొదిలేశానని తొందరపడి అన్నానేమో. ఆ సాయంత్రమే చావో ఫ్రాయా నది ఒడ్డున మరో గుడి రేవులో నిలబడ్డాం. బ్రెడ్డు ముక్క పడీ పడగానే నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. మూరెడేసి చేపలు, వందలు, ఒకదాని మీదికొకటి ఎక్కేస్తున్నాయి. పది గజాల అవతల మామూలు నది. చేపలకి ఆ గీత తెలుసు. బోర్డు మీద ఏముందని అన్నయ్యని అడిగితే 'ఖెత్ అఫైతాన్' అని చదివాడు. రెండు సార్లు చదివించుకుంటే గానీ చెవికెక్కలేదు. అఫైతాన్ అంటే అభయదానం! ఈ హద్దుల్లో ఏ ప్రాణినీ పట్టకూడదు, చంపకూడదు. బ్యాంకాక్‌కి ఎగువన పథుమ్ తానీలో వాట్ ఫై లోమ్ అనే గుడి ఉంది. నత్తలు తినే కొంగలు గూళ్ళు కట్టుకుని బతికిపోయింది ఆ గుడి ఆవరణలోనే. మన తేలినీలాపురం వాళ్ళు కొంగల్ని ఊరి ఆడపడుచుల్లా చూసుకోవడం ఎరిగినవాళ్ళకి ఇది వింతేం కాదు.

మరి పిట్టల దగ్గర ఓడిపోయిన భక్తి చేపల దగ్గర ఎలా గెలిచింది? నాకు తోచింది ఇది. పిట్టల దగ్గర భక్తి ఒక కొనుగోలు. రేవు దగ్గర అదే భక్తి ఒక నిషేధం: హద్దు ఉంది, బోర్డు ఉంది, రోజూ పొద్దున్నే లేచి చూసే భిక్షువు ఉన్నాడు. సంస్కృతి 'ఇది పవిత్రం' అని ఊరుకున్నంత కాలం దుంగ మీద పొడి రుద్దుకుంటూ ఉండొచ్చు. 'ఇక్కడ వద్దు' అన్నప్పుడే చేప బతికింది. మొహమాటం లేకుండా ఎవరో ఒకరు వద్దనాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే, కానీ ఇది అంత తేలిగ్గా నిలబడే మాట కాదు.

దేశం మొత్తం వద్దనుకోవడానికి ఎంత ఖర్చయిందో చూడండి. 1988 నవంబరులో దక్షిణాన నఖోన్ సీ తమ్మరాత్ జిల్లాలో వానలకి కొండలు జారాయి. బురదతో పాటు నరికి పడేసిన దుంగలు ఊళ్ళ మీదికొచ్చాయి. వందల మంది పోయారు. రెండు నెలలు తిరక్కుండా, 1989 జనవరిలో, అడవుల్లో కలప కొట్టే లైసెన్సులన్నీ రద్దు చేశారు. అప్పటికి ఎన్ని శతాబ్దాలుగానో చెట్టుని కొలుస్తున్న దేశమే అది.

అన్నయ్య ఇంట్లో గోడ మీద ఒక క్యాలెండరు ఉంది. కళ్ళద్దాల సన్నటి మనిషి ఫొటో. సూబ్ నఖాసథియన్, అటవీ అధికారి. 1980ల నడుమ చియావ్ లాన్ డ్యాం నీళ్ళు అడవిని ముంచుతుంటే, దీవులుగా మిగిలిన కొండ కొనల మీద చిక్కుకున్న జంతువుల్ని పడవల్లో రక్షించాడు. వెయ్యికి పైగా పట్టి తెచ్చాడు. చాలా చచ్చిపోయాయి. ముంచాక రక్షించడం దండగని ఆయనకి అక్కడే అర్థమైనట్టుంది. తర్వాత తుంగ్‌యాయ్ అడవిలో నామ్ చోన్ డ్యాం వద్దని పోరాడినవాళ్ళలో ముందున్నాడు. 1988లో ఆ డ్యాం ఆగింది. హువాయ్ ఖా ఖేంగ్ అభయారణ్యానికి అధిపతిగా వెళ్ళి, వేటగాళ్ళతోనూ పైవాళ్ళ ఉదాసీనతతోనూ వేగలేక 1990 సెప్టెంబరు 1న తన ప్రాణం తనే తీసుకున్నాడు. మరుసటి ఏడు ఆ రెండు అడవులూ యునెస్కో జాబితాకెక్కాయి. ఇప్పుడు థాయ్‌లాండ్ పులుల ఆశంతా వాటి మీదే. ఆయన ముంపు జంతువుల కోసం పడవలేసుకుని తిరిగిన ఆ డ్యాం సరస్సులో ఈనాడు మా టూరు కట్టినాయన 'తేలే బంగళాలు, ఒక రాత్రి' అని ప్యాకేజీ అమ్ముతున్నాడు.

పోస్టులో వచ్చిన చెత్త

ఖావో యాయ్ వెళ్ళింది నా పట్టుదల మీద. 1962లో పుట్టిన వాళ్ళ మొదటి జాతీయ ఉద్యానం. థాయ్‌లో 'ఉతయాన్ హేంగ్ చాట్'. ఉద్యానం, జాతి: మాటలు మనవే, పలుకే వాళ్ళది. గేటు దగ్గర టికెట్టు విదేశీయులకి 400 బాత్. స్వదేశీయులకి 40, కానీ అది థాయ్ అంకెల్లో రాసి ఉంటుంది, మనలాంటివాళ్ళ కంట పడకుండా. మొహమాటం అంటే ఇదీ! బావగారికి అన్నయ్య చదివి చెప్పగానే ఆ రోజంతా మూడ్ పోయింది.

ఆగస్టులో ఆ అడవి అంటే జలగలు. మోకాళ్ళ దాకా వచ్చే తెల్ల గుడ్డ మేజోళ్ళు అమ్ముతారు, ప్యాంటు మీద నుంచి తొడుక్కోవాలి. అవి తొడుక్కుని నడుస్తుంటే నూలుపోగులంత జలగలు ఆకుల చివర నిలబడి గాలిలోకి తల ఊపుతూ వాసన పడుతుంటాయి. మేజోడు మీద పాకుతున్న ఒకదాన్ని బావగారు తీసి పారేయబోతే గైడు ఆపి, గోటితో మెల్లగా మీటి ఆకు మీదికి పంపాడు. దారిలో ఒకచోట వాడిపోయిన కాషాయ గుడ్డ చుట్టిన మాను కనిపించింది. దాని పక్కనే రేకు బోర్డు: ఏనుగు కనబడితే హారన్ కొట్టొద్దు, లైట్లు ఆడించొద్దు, దగ్గరికి పోవద్దు. మాను బాగుంది, బోర్డు పనిచేస్తోంది.

2020లో ఇక్కడ జరిగిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. గుడారంలో రాత్రి ఉండి చెత్త వదిలేసి వెళ్ళిన వాళ్ళకి పార్కు వాళ్ళు ఆ చెత్తని అట్టపెట్టెలో సర్ది, పోస్టులో ఇంటికి పంపించారు. గుడారం అద్దెకి తీసుకున్నప్పుడు అడ్రసు ఇవ్వాలి కదా! మీ సామాను కొంత ఇక్కడ మర్చిపోయారు, పంపుతున్నాం అని లోపల చీటీ. అప్పటి పర్యావరణ మంత్రి వరావుత్ శిల్పా-ఆచా ఆ పెట్టెల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. తిట్టలేదు, కొట్టలేదు. మొహమాటంతోనే మొహం పగలగొట్టారు.

అంతా ఇలా సరదాగా ఉండదు. అదే పార్కులో హేవ్ నరోక్ అని జలపాతం ఉంది. నరోక్ అంటే మన నరకమే. 2019 అక్టోబరులో అక్కడ ఒక ఏనుగు పిల్లతో మొదలై, ముందు ఆరు, తర్వాత వెతికితే మరో ఐదు, మొత్తం పదకొండు ఏనుగుల కళేబరాలు కింద దొరికాయి. తాళం వేసిన అడవిలో కూడా ప్రాణానికి పూచీ లేదు.

తాళం ఎవరి మొహాన

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి మా అక్క ఒక్క ప్రశ్న వేసింది: "వద్దనడం గొప్పే. ఎవర్ని వద్దన్నారు?"

దానికి జవాబు వెతికితే నా వాదనకి అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. కలప కొట్టడం మానేసిన థాయ్‌లాండ్ కలప వాడడం మానలేదు. గొడ్డళ్ళు సరిహద్దు దాటి బర్మా, లావోస్, కంబోడియా అడవుల్లో పడ్డాయి. దుంగలు లాగే ఏనుగులకి పని పోయి, మావటివాళ్ళు వాటిని పట్టణాలకి తోలుకొచ్చారు. మనవాళ్ళు ఫొటోలు దిగే ఏనుగు సవారీల వెనక కథ అదే.

అంతకన్నా చేదు సంగతి కేంగ్ క్రచాన్ జాతీయ ఉద్యానానిది. అక్కడ తరాలుగా ఉంటున్న కరెన్ గిరిజనుల గుడిసెల్ని పార్కు సిబ్బంది 2011లో తగలబెట్టారు. దాని మీద కోర్టుకెక్కిన వాళ్ళకి తోడు నిలిచిన యువకుడు పోలాజీ రక్‌చోంగ్‌చరోన్, అందరూ బిల్లీ అనేవారు. 2014 ఏప్రిల్‌లో అడవి తేనె తెచ్చాడని పార్కు వాళ్ళు పట్టుకున్నారు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఐదేళ్ళకి పార్కులోని నీళ్ళ అడుగున దొరికిన ఇనప పీపాలో ఎముక ముక్క అతనిదేనని తేలింది. 2021లో ఆ అడవి కూడా యునెస్కో జాబితాకెక్కింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నాలాంటి టూరిస్టులు ఉండే ఉంటారు.

అయితే మొహమాటం లేని తాళం పేదవాడి మొహానే పడుతుందా? అలాగే రాసి ముగించేద్దును గానీ, 2018 ఫిబ్రవరి సంగతి అడ్డొస్తోంది. దేశంలోకెల్లా పెద్ద నిర్మాణ కంపెనీల్లో ఒకదాని అధిపతి తుంగ్‌యాయ్ అభయారణ్యంలో గుడారం వేసుకున్నాడు. అక్కడ తోలు ఒలిచిన నల్ల చిరుత దొరికింది. వీచియన్ చిన్నవోంగ్ అనే అటవీ అధికారి ఆయన్ని పట్టుకున్నాడు. ఇంత పెద్దమనిషికి ఏమవుతుందిలే అని జనం నల్ల చిరుత బొమ్మలు గోడల మీద గీశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021 డిసెంబరులో మూడేళ్ళ పైన జైలు ఖాయమైంది. ఆలస్యంగానైనా, ఒక్కసారైనా, 'నో, నో. రేంజర్' అన్న మాట కోటీశ్వరుడికీ వర్తించింది. కాబట్టి తాళం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న నేను అడగను. తాళంచెవి ఎవరి దగ్గరుంది, డబ్బుకి దొరుకుతుందా అనేదే చూస్తాను. కౌంటర్లో బావగారి డబ్బుకి దొరకలేదు. అంత వరకు నయం.

మూసినన్నాళ్ళూ నష్టం ఎవరిది అన్నది మాత్రం మిగిలే ఉంది. మాది కాకినాడ వైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మరబోట్లు ఒడ్డుకెక్కుతాయి, భృతి వస్తుంది, వచ్చేలోగా అప్పూ అవుతుంది. సముద్రానికి సెలవివ్వడం మనకి కొత్త కాదు. నల్లమలలోనూ వానాకాలం సఫారీలు ఆపుతారు. మనం సెలవివ్వనిది చూడ్డానికి పోయే చోట్లకే. గండికోట అంచునైనా, పాపికొండల ఒడ్డునైనా ఆదివారం సాయంత్రం పేరుకునే చెత్తకి 'మీ సామాను మర్చిపోయారు' అని చీటీ రాసి పంపే ఆఫీసు ఒకటి ఉంటే బాగుండునని నా ఆశ. ఉంటే మొదటి పెట్టె మా ఇంటికే రావచ్చు, ఒప్పుకుంటున్నాను.

తాడుకి ఇవతల

మాయా బే లేకపోయినా పడవ అయితే మాట్లాడుకున్నాం. పొడుగాటి గొట్టం చివర పంకా తిరిగే తోకపడవ. దాని ముక్కుకి మూడు రంగుల గుడ్డలు, బంతిపూల దండ. పడవని కాచే అమ్మవారు 'మే యా నాంగ్' ఉండేది అక్కడే. మన రేవుల్లో పడవ ముక్కుకి పసుపూ కుంకుమా పెట్టినట్టే. మా చిన్నది ఎక్కేటప్పుడు దాని మీద కాలు వేయబోయింది. పడవతను ఏమీ అనకుండా పిల్లని అమాంతం ఎత్తి పక్కనుంచి లోపల దించాడు. ఈ రెండు నెలలూ ఎలాగని అడిగితే వేలు చూపించి వేరే దీవుల పేర్లు చెప్పాడు. తర్వాత, కాస్త ఆగి, "లెస్ మనీ" అన్నాడు. ఆ తర్వాత, "మై పెన్ రై."

మాయా బే ఉన్న ఫీ ఫీ లే దీవి దగ్గర ఇంజను ఆపాడు. ఎదురుగా నీళ్ళ మీద బుడగలు కట్టిన తాడు. తాడుకి అవతల, కొండల సందులోంచి, ట్యాబు మీద ఉన్న బీచి. ఒక్క మనిషి లేడు.

"అక్కడ ఇప్పుడెవరున్నారు నాన్నా?"

నేను నోరు తెరిచేలోగా బావగారు ఫోను జూమ్ చేసి చూసి, "ఎవరూ లేరమ్మా" అన్నారు, కాస్త మెల్లగా. రెండు ఫొటోలు తీశారు.

రాత్రి హోటల్‌కి రాగానే ఆ ఫొటో వాళ్ళ ఆఫీసు గ్రూపులో పెట్టారు. నిమిషంలో జవాబులు: "సూపర్ సార్!", "ప్రైవేట్ బీచా సార్? ఎంత తీసుకున్నాడు?"

బావగారు చాలాసేపు టైపు చేసి, చెరిపేసి, మళ్ళీ టైపు చేశారు. ఏం పెట్టారో నాకు చూపించలేదు.